ఐ.పి.యు ఋణవిముక్తియు

ఆంధ్రదేశమున "ఐ.పి. పెట్టినాడు" అను మాట వినబడని బజారు లేదు. ఇన్‌సాల్వెన్సీ పిటీషను అను ఆంగ్లపదముల తొలి యక్షరములు రెండును ఎన్నడో తెలుగు మాటలై పోయినవి. రచ్చబండకడ కూర్చున్నవానికి గూడ దాని యర్థము విప్పి చెప్ప నక్కఱలేదు. కాని ప్రజలు దాని కిచ్చుకొన్న యర్థ మేమి? ఒకడు ఊరివారి సొమ్ము పోగుచేసి, ఇల్లు భార్యపేరను, పొలము బావమఱదిపేరను వ్రాసి, ఒకనాటి యుదయమున వకీలుచేత అందఱకును నోటీసు లిప్పించినాడని వారి భావము. మాట చెడినది, మాటతోబాటు చట్టమునకును చెడ్డపేరు వచ్చినది. మోసగాడు దానిని నిస్సంకోచముగా వాడుకొనుచున్నాడు. నిజముగా నష్టపడి, ఇంటనున్న చెంబుతో సహా లెక్కకు పెట్టుటకు సిద్ధముగానున్న గౌరవస్థుడు మాత్రము దాని దరి చేరుటకు సిగ్గుపడుచున్నాడు. కోర్టు మెట్లెక్కుటకంటె ప్రాణమే విడుచుట మేలని తలచిన కర్షకులను, చిల్లర వర్తకులను మన జిల్లాలు ఎందఱనో చూచినవి. వారిలో ననేకులకు చట్టము ఒక త్రోవ చూపియున్నదని చెప్పినవాడే లేకపోయెను. ఆ త్రోవను గూర్చి, అది ముండ్లతో మూసికొనిపోయిన విధమును గూర్చి, కొంత వివరముగా వ్రాయుట యావశ్యకమని మే మెంచుచున్నాము.

మన జిల్లాలలో సామాన్య వ్యక్తి విషయమున అమలులోనున్నది 1920వ సంవత్సరపు 5వ చట్టము, ప్రొవిన్షియల్ ఇన్‌సాల్వెన్సీ చట్టము. చెన్నపట్టణము, కలకత్తా, బొంబాయి నగరములకు 1909 నాటి చట్టము వేఱుగ గలదు. అంతకుపూర్వము మొఫస్సలులో అప్పులపాలైనవానికి సివిలు ప్రొసీజరు కోడులోని యొక యధ్యాయమే దిక్కు. 1907లో తొలి ప్రత్యేక చట్టము వచ్చెను. దానిని తిరుగ వ్రాసి 1920లో ఈ చట్టమును నిర్మించిరి. దీని యుద్దేశము ద్వివిధము. బాకీదారుని యాస్తి యంతయు ఒకచోట చేర్చి, ముందు వచ్చినవాడు మొత్తము లాగికొని పోకుండ, ఋణదాతల కందఱకును పాలుచొప్పున పంచవలెను. అట్లు ఉన్నదంతయు ఒప్పగించినవానిని మిగిలిన బాకీనుండి విడుదల చేయవలెను. పంపకము లేని విడుదల దోపిడియగును; విడుదల లేని పంపకము వెట్టియగును. ఇంగ్లండులో దివాలా చట్టము 16వ శతాబ్దమున పుట్టినప్పుడు అది ఋణదాత చేతిలోని కొరడా మాత్రమే. విడుదల యను భావ మచ్చట ప్రవేశించుటకు ఆన్ రాణి కాలము వఱకు, అనగా 1705 వఱకు, వేచియుండవలసి వచ్చినది.

బాకీలు తీర్చ శక్తిలేనివాడు, అవి 500 రూపాయలకు తక్కువ కానియెడల, తాను కాపురముండు లేక వ్యాపారము చేయు ప్రాంతపు కోర్టులో అర్జీ పెట్టుకొనవచ్చును. డిక్రీ యమలులో అరెస్టైనవాడును, ఆస్తి జప్తైనవాడును గూడ అర్హులే. మన తట్టున ఈ యర్జీలు సామాన్యముగా సీనియరు సివిలు జడ్జి కోర్టులో దాఖలగుచున్నవి. అర్జీలో అప్పిచ్చినవారి పేర్లు, నివాసములు, ఒక్కొక్కరి బాకీ మొత్తము చూపవలెను. తనకు గల సమస్తమైన ఆస్తి యొక్క వివరములు, విలువ, అది యున్న తావు చూపవలెను. పూర్వ మెన్నడైన ఇట్టి యర్జీ పెట్టియున్నచో దాని గతియు చెప్పవలెను. లెక్కపుస్తకములు కోర్టుముందుంచవలెను. తీర్చలేనను మాటకు పైపై రుజువు, అనగా మొదటి చూపునకు నమ్మదగిన కారణములు, చూపిన చాలునని 24వ సెక్షను చెప్పుచున్నది. తలుపు ఇంత వెడల్పుగా తెఱచియుంచుటవలననే దొంగలు దూరుచున్నారని కొందఱి యాక్షేపణ. మా యభిప్రాయమున తలుపు వెడల్పు దోషము కాదు. లోపలి కావలివాడు నిద్రించుట దోషము.

అర్జీ దాఖలైన నాడే ఋణదాతల నోళ్ళు మూతపడునని బజారులో నొక నమ్మకము గలదు. వకీలు నోటీసు పంపినంతనే పని యైపోయినదని తలచువారును కలరు. రెండును తప్పే. ఈ చట్టము క్రింద అర్జీ దాఖలైనంతమాత్రమున దావాలు ఆగవు. కోర్టు విచారించి దివాలాదారుగా తీర్మానించిన పిదపనే, 28వ సెక్షను ననుసరించి, ఆస్తి కోర్టునకో రిసీవరునకో దఖలుపడును. ఆ తీర్మానము అర్జీ దాఖలైన తేదీకి వెనుకకు పోయి వర్తించును. అటుపై కోర్టు సెలవు లేక ఋణదాత యెవడును వేఱుగా దావా నడుపరాదు. అరెస్టునుండి రక్షణ కావలెనన్నను కోరి తెచ్చుకొనవలెను గాని అది తానై రాదు. బంగారము కుదువ పట్టిన బ్యాంకును, ఇల్లు తనఖా పట్టిన షావుకారును ఈ నిర్బంధమునకు వెలుపలివారు. తమ హామీ సొత్తుపై వారు యథాప్రకారము పోవచ్చును. మన వడ్డీ వ్యాపారులలో ఖాళీ చెక్కులపై సంతకము చేయించుకొని సొమ్మిచ్చుట నేడు పరిపాటియైనది. అట్టి చెక్కు చెల్లక తిరిగివచ్చినప్పుడు నడచు క్రిమినలు కేసునకు ఐ.పి. కవచము కాదు. ఈ సంగతి తెలియక కోర్టునకు పోయి, ఒక చిక్కునుండి తప్పించుకొంటినని సంతోషించుచుండగనే మఱియొక చిక్కున పడినవారు కలరు.

దివాలాదారు కుటుంబముతో వీధిలో పడునను భయము మాత్రము చాల వఱకు అతిశయోక్తి. జప్తు చేయరాదని సివిలు ప్రొసీజరు కోడు 60వ సెక్షను చెప్పిన సొత్తు రిసీవరు చేతికి పోదు. కట్టుబట్టలు, వంటపాత్రలు, పడకలు, మతాచారమునుబట్టి స్త్రీ తీసివేయరాని యాభరణములు, చేతిపనివాని పనిముట్లు, కర్షకుని సేద్యపు సాధనములు, జీవనమునకు వలయు పశువులు, విత్తనములు, కర్షకుడును కూలివాడును తాము కాపురముండు ఇల్లు, ఇవన్నియు వారివే. ఉద్యోగి జీతములో మొదటి వేయి రూపాయలును, మిగిలిన దానిలో మూడింట రెండు వంతులును సామాన్యపు డిక్రీల జప్తునకు లోబడవు. మాగాణి మాత్రము పోవును. భూమి పోవుట మన కర్షకునికి మరణతుల్యము గనుక చివరి యెకరము మిగిలియుండగా అతడు కోర్టువైపు చూడడు. ఆ యెకరమును నూటికి నెలకు మూడు రూపాయల వడ్డీకి తాకట్టు పెట్టును. ఆ సొమ్ముతో నిరుటి వడ్డీ కట్టును. ఏమియు మిగులని నాడు వకీలింటికి వచ్చును. అప్పటికి పంచుటకు ఆస్తి యుండదు, చూపుటకు లెక్కయు నుండదు. ఏ సొమ్ముతో ఋణదాతల కెంతోకొంత ముట్టి, తాను గౌరవముతో విడుదల పొందియుండునో, ఆ సొమ్ము వడ్డీ నోట కలిసిపోయియుండును.

మేము ముఖ్యముగా చెప్పదలచినది ఋణవిముక్తి, అనగా డిశ్చార్జి, యను ఘట్టమును గూర్చి. ఈ చట్టమునకు ప్రాణమిదియే. మన కోర్టులలో అందఱును మఱచిపోవునదియు నిదియే. దివాలా తీర్మానము చేయునప్పుడే, విడుదలకు దరఖాస్తు పెట్టుకొనవలసిన గడువును కోర్టు నిర్ణయింపవలెనని 27వ సెక్షను విధించినది. ఆ గడువులోపల దరఖాస్తు పెట్టని యెడల, పెట్టియు విచారణనాడు హాజరు కాని యెడల, 43వ సెక్షను క్రింద ఆ తీర్మానమే రద్దగును. తీర్మానము వచ్చినదే చాలునని ఇంటికి పోయి నిద్రించువాని గతి యేమగునో చూడుడు. రద్దైననాడు పాత బాకీలన్నియు మఱల మీదికి వచ్చును. ఈలోపల కాలపరిమితి దాటి ప్రోనోట్లు చెల్లకపోయియుండునని యాశించుటయు వృథా. తీర్మానము మొదలు రద్దు వఱకు గడచిన కాలమును 78వ సెక్షను ఋణదాతల గడువు లెక్కనుండి మినహాయించుచున్నది. పోనీ రెండవమాఱు అర్జీ పెట్టుదమన్నచో, ముందు కోర్టు సెలవు పొందవలెను. ఇన్ని సంగతులు చట్టములో స్పష్టముగ నుండగా, అర్జీ వ్రాసి ఫీజు పుచ్చుకొన్న ప్లీడరు విడుదల తేదీని కక్షిదారునికి జ్ఞాపకము చేయకుండుట వృత్తిధర్మమునకు తగిన పనియా యని మేము ప్రశ్నింపక తప్పదు.

విడుదల దరఖాస్తు వచ్చినప్పుడు కోర్టు దానిని సంపూర్ణముగా నీయవచ్చును, నిరాకరింపవచ్చును, కొంతకాలము నిలిపి యుంచవచ్చును, లేదా ముందు రాబోవు సంపాదనలో నింత కట్టవలెనను షరతుతో నీయవచ్చును. సంపూర్ణ విముక్తికి అడ్డుపడు కారణములను 42వ సెక్షను వరుసగా చెప్పుచున్నది. హామీ లేని బాకీలలో రూపాయికి ఎనిమిదణాల మేరకైన ఆస్తి లేకుండుట వానిలో మొదటిది. అయితే ఆ లోటునకు తాను న్యాయముగా బాధ్యుడు కాడని చూపినచో ఈ యడ్డంకి తొలగును. తుపానులో కొట్టుకొనిపోయిన పైరునుగాని, నెలల తరబడి సాగిన వైద్యమునకైన ఖర్చునుగాని రసీదులతో చూపగలవానికి ఈ మినహాయింపే ఆధారము. కడచిన మూడేండ్ల వ్యాపారపు లెక్కలు సరిగా నుంచకుండుట, దివాలా స్థితి తెలిసియు వ్యాపారము సాగించుట, తీర్చు నాశ లేకయే అప్పు చేయుట, దుస్సాహసపు స్పెక్యులేషను, జూదము, కారణము చెప్పరాని యాడంబర వ్యయము, ఇవి మిగిలినవి. కోడిపందెములలోను, క్రికెట్టు పందెములలోను, షేరు బజారు ఆప్షన్లలోను పోగొట్టుకొన్న సొమ్మునకు కోర్టు కన్నీరు కార్చునని యెవరును నమ్మవలదు. పొరుగువాడు చేసినాడు గదా యని కుమార్తె పెండ్లికి తాహతుకు మించి పందిళ్ళు వేయించి, ఆ యప్పును పంట నష్టముగా వ్రాయించువారును ఈ సెక్షను నొకమాఱు చదువుట మంచిది.

సంపూర్ణముగా విడుదలైనను కొన్ని బాకీలు పోవు. ప్రభుత్వమునకు చెల్లవలసినది పోదు. మోసముచేత, నమ్మకద్రోహముచేత తెచ్చిన బాకీ పోదు. కోర్టు విధించిన మనోవర్తి పోదు. అన్నింటికంటె మనవారు గుర్తింపనిది మఱియొకటి కలదు: బాకీదారు విడుదలైనను వానికి హామీ సంతకము చేసినవాడు విడుదల కాడు. స్నేహధర్మమని నమ్మి ప్రోనోటుపై సంతకము చేసిన బడిపంతులు జీతమునకు జప్తు రావచ్చును. అసలు బాకీదారు బజారులో నిర్భయముగ తిరుగుచుండవచ్చును. గ్రామములలో ఐ.పి. యనిన కలుగు క్రోధమునకు సగము కారణ మిదియే. కావున అర్జీ పెట్టదలచినవాడు తన హామీదారులకు ముందుగా చెప్పుట ధర్మము.

కుమారుల విషయమున కొంత ధైర్యము చెప్పవచ్చును. తండ్రి యప్పు కొడుకు తీర్చవలెనను పూర్వధర్మమును బట్టి ఋణదాతలు పుత్రుల వాటాలపై పోవుచుండెడివారు. 2005లో హిందూ వారసత్వ చట్టమును సవరించిన పిమ్మట చేసిన యప్పుల విషయమున, పితృఋణ ధర్మమొక్కటే యాధారముగా కుమారునిపై గాని మనుమనిపై గాని కోర్టు చర్య తీసికొనదు. కుమారుడు స్వయముగ సంతకము చేసినచో నది వేఱు మాట. ఊరి పెద్దలు పంచాయతీలో కూర్చుండి యువకులచేత తండ్రుల పాత ప్రోనోట్లకు క్రొత్త ప్రోనోట్లు వ్రాయించుట మనమెఱుగని సంగతి కాదు.

ఇన్ని చిక్కులు గల కార్యమును ఆపద నెత్తిమీదికి వచ్చిన నాడు తలపెట్టుట తెలివి కాదు. సంవత్సరాదాయము వడ్డీకే చాలదని లెక్క తేలిన యేడే బాకీదారు కూర్చుండి యోచింపవలెను. ఎవరికెంత, ఏ తేదీన, ఏ వడ్డీకి, ఏ హామీపై తెచ్చినది, ఇంతవఱకు కట్టినదెంత అని ఒక కాగితముపై వ్రాసికొనుటయే మొదటి పని. వడ్డీ వసూలునకు రసీదు ఇయ్యని షావుకారునకు చేతికి సొమ్మీయక, బ్యాంకుద్వారా గాని ఫోనుద్వారా గాని పంపినచో జాడ మిగులును. చేబదులు తెచ్చిన బంధువు పేరుకూడ పట్టికలో నుండవలెను. మొగమోటముచేత ఒకని పేరు విడిచినచో, పట్టిక యంతయు అనుమానమునకు పాత్రమగును. ఆస్తిలో నొక సెంటు దాచినచో 69వ సెక్షను క్రింద ఒక సంవత్సరము వఱకు ఖైదు పడవచ్చును.

ఆస్తి బదిలీల విషయము మఱింత జాగ్రత్తగా చూడదగినది. బదిలీ చేసిన రెండు సంవత్సరములలోపల పెట్టిన యర్జీపై దివాలాదారుగా తీర్మానింపబడినచో, మంచి మనస్సుతో తగిన వెలయిచ్చి కొన్నవానికి చేసిన బదిలీ తప్ప మిగిలినవానిని 53వ సెక్షను క్రింద రద్దుచేయించుటకు రిసీవరునకు అధికారము గలదు. పెండ్లికి ముందు, ఆ పెండ్లినే ప్రతిఫలముగా నెంచి చేసిన బదిలీకి మాత్రము మినహాయింపు గలదు. పెండ్లియై పదేండ్లు గడచిన కుమార్తెకు, నోటీసులు వచ్చుటకు నెలముందు, పసుపు కుంకుమల క్రింద రెండెకరములు వ్రాసితినను దస్తావేజు ఈ మినహాయింపులో చేరదు. రెండేండ్లు దాటినవాడు క్షేమముగా నున్నాడనియు తలపరాదు. ఋణదాతలను వంచించు బదిలీలకు ఆస్తి బదిలీ చట్టము వేఱుగ మందు చెప్పినది. ఇక మూడు నెలలలోపల ఇతరుల నెగవేసి ఒక్క బావమఱది బాకీ మాత్రము తీర్చుట గూడ చెల్లదు. బావమఱది మొగము చూచి చేసిన యీ పనియే తరువాత విడుదలకు అడ్డుగా నిలుచును.

ఈ పత్రికా పాఠకులలో అప్పిచ్చువారును కలరు. వారి పక్షమును మేము మఱవలేదు. కూతురి పెండ్లికని, ముసలితనమునకని దాచుకొన్న సొమ్మును నూటికి రెండు రూపాయల వడ్డీకిచ్చి, చివర వకీలు నోటీసు మాత్రము పొందిన వితంతువు బాధ, పైరు పోయిన రైతు బాధకంటె తక్కువది కాదు. అప్పులు మాఫీయగుట యలవాటైనచో అప్పు పుట్టదని వారనుట యబద్ధము గాదు. అయితే వారు శత్రువుగా నెంచవలసినది ఋణవిముక్తిని కాదు, విచారణ లేని ఐ.పి.ని. నోటీసు వచ్చిననాడు తిట్టి ఊరకొని, విచారణనాడు కోర్టునకు రాక, రిసీవరునకు దాచిన యాస్తి జాడ చెప్పక, విడుదల దరఖాస్తును ప్రశ్నింపక యుండు ఋణదాతయే మోసగానికి పెద్ద సాయము చేయుచున్నాడు. బాకీ 500 రూపాయలకు తక్కువ కానియెడల, ఆస్తి తరలించుట, తలుపు మూసికొని పాఱిపోవుట వంటి దివాలాకృత్యము జరిగిన మూడు నెలలలోపల ఋణదాతయే అర్జీ పెట్టవచ్చును. ఐ.పి. యనునది బాకీదారు పెట్టునదే యని మనవారు తలచుటచేత ఈ యాయుధము ఒరలోనే త్రుప్పు పట్టినది.

ఋణదాతకు హద్దు గీయుట మనకు క్రొత్తయు గాదు. వడ్డీ యసలును మించరాదను దామ్‌దుపటు నియమము ధర్మశాస్త్రములనాటిది. 1938లో రాజగోపాలాచారిగారి మంత్రివర్గము చెన్నరాష్ట్రపు 4వ చట్టముచేత, 1932 అక్టోబరు 1వ తేదీకి ముందు కర్షకులు చేసిన యప్పులపై 1937 అక్టోబరు 1 నాటికి నిలువయున్న వడ్డీని కొట్టివేసినది. అసలుకు రెట్టింపు ముట్టియున్నచో బాకీ యంతయు తీరినట్లే యెంచినది. సర్కారులును రాయలసీమయు దీని ఫలము ననుభవించినవి. 1977లో ఆంధ్రప్రదేశ్ శాసనసభ చిన్న రైతుల, వ్యవసాయ కూలీల, చేతిపనివారి ప్రైవేటు ఋణములకు మఱియొక చట్టము చేసినది. సూక్ష్మఋణ సంస్థల యార్భాటము మిన్నుముట్టిన పిదప 2011లో వచ్చిన చట్టము గూడ వడ్డీ యసలును మించరాదను పాత నియమమునే తిరుగ పలికినది. ఇవన్నియు ఆయా కాలపు మంటలను ఆర్పుటకు చల్లిన నీరు. 2008లో కేంద్రము చేసిన మాఫీ, 2014 తరువాత ఉభయ తెలుగు రాష్ట్రములు చేసిన మాఫీలు, 2024లో తెలంగాణ రెండు లక్షల వఱకు చేసిన మాఫీ బ్యాంకు బాకీలను తాకినవే గాని షావుకారు ప్రోనోటును తాకలేదు. కౌలుదారునకు బ్యాంకు అప్పు దొరకుటయే యరుదు గనుక మాఫీయు నతనికి అరుదే. మాఫీ యెన్నికలతో వచ్చును, ఎన్నికలతో పోవును. అది మంచి లెక్కలుంచినవానిని, ఉంచనివానిని ఒకేరీతి చూచును. ఋణవిముక్తి వ్యక్తి గుణదోషములను విచారించి న్యాయస్థాన మిచ్చునది. కృతజ్ఞతతో చేతులు కట్టుకొని దానిని పుచ్చుకొన నక్కఱలేదు.

ఇట్టి చట్టమును కాలానుగుణముగ సంస్కరింప పార్లమెంటు పూనుకొనలేదని చెప్పరాదు. 2016 నాటి దివాలా స్మృతిలో మూడవ భాగమంతయు వ్యక్తులను, భాగస్వామ్య సంస్థలను గూర్చినదే. దాని ప్రకారము దరఖాస్తు పడిననాడే ఋణదాతల చర్యలు తాత్కాలికముగ నిలిచిపోవును. దివాలా మొదలైన యేడాది గడచిన పిదప విడుదలకై దరఖాస్తు పెట్టవలసిన బాధ్యత బాకీదారునిది గాక ట్రస్టీది. మఱచి నిద్రించిన బాకీదారు కథ ఇచ్చట పుట్టదు. మిక్కిలి పేదవారికి క్రొత్త యారంభ మను పేర ఒక సులభమార్గము గూడ ఏర్పఱచిరి. కాని 2019 డిసెంబరు 1వ తేదీనుండి ఈ భాగమును కంపెనీల యప్పులకు హామీయిచ్చిన వ్యక్తుల విషయమున మాత్రమే యమలులోనికి తెచ్చిరి. కోట్ల రూపాయలకు హామీ పడిన పారిశ్రామికునకు క్రొత్త చట్టము. కిరాణా కొట్టు మూసిన వానికి 1920 నాటి చట్టము. కంపెనీలకు ఇదే స్మృతి 2016 చివరనుండి వర్తించుచున్నది. వాని తగవులు 330 దినములలో తేలవలెనని కాగితముమీదనైనను గడువున్నది. మనుష్యునకు అట్టి గడువును లేదు.

ఆ సులభమార్గపు హద్దులను చూచినప్పుడు మఱియొక సందేహము కలుగుచున్నది. ఏడాది యాదాయము 60,000, ఆస్తి 20,000, బాకీలు 35,000 రూపాయలకు మించరాదట, స్వంత యిల్లుండరాదట. గుడిసెయైనను సొంతమైన కూలివాడు దీనికి పనికిరాడు. ఒక యెకరము మిరపతోటకు పెట్టుబడియే ఈ 35,000ను మించును. ఈ యంకెలతోనే చట్టము రేపు అమలులోనికి వచ్చినను మన జిల్లాలలో దాని వాకిట నిలువదగినవా డరుదు. అమెరికాలో ఒక తరగతి బాకీదారు మినహాయింపు పోగా మిగిలిన సొత్తు నొప్పగించి కొన్ని నెలలలోనే విడుదల పొందును. నిలుకడైన యాదాయము గలవాడు మూడు నుండి యైదేండ్ల పాటు వాయిదాలు కట్టి విడుదల పొందును. ఇద్దఱును అర్జీకి ముందు ఋణవిషయమున సలహా పొంది తీరవలెను. ఆ దేశపు పద్ధతులన్నియు మన కక్కఱలేదు. అర్జీకి ముందటి సలహా మాత్రము జిల్లా న్యాయసేవాధికార సంస్థల ద్వారా ఇప్పుడే యారంభింప వచ్చును. దానికి పార్లమెంటుతో పనిలేదు.

ఇతర సంస్కరణమునకు గూడ ఢిల్లీవైపే చూచుచుండ నక్కఱలేదు. దివాలా రాజ్యాంగపు ఉమ్మడి జాబితాలోని విషయము. వడ్డీ వ్యాపారమును, కర్షకుల ఋణభార నివారణమును రాష్ట్రముల జాబితాలోనివి. అమరావతిలోగాని హైదరాబాదులోగాని శాసనకర్తలు సంకల్పించినచో, రాష్ట్రపతి యామోదమునకు లోబడి, 1920 చట్టమును తమ రాష్ట్రమునకు తగినట్లు సవరింపవచ్చును. విడుదల గడువును బాకీదారు మఱచినచో తీర్మానము రద్దగుటకు మాఱుగా, రిసీవరు నివేదికతో కోర్టే ఆ విచారణను చేపట్టునట్లు చేయవలెను. అర్జీ స్వీకరించిననాడే దావాలను, అరెస్టును కొలది నెలలు నిలుపు నధికారము కోర్టునకు స్పష్టముగ నీయవలెను. ఆ కాలములో నెల కింత యని కట్టగలవానికి రాజీ పథకము నేర్పఱుపవలెను. ఆస్తి దాచినవానిపై ప్రాసిక్యూషను నడుపుటకు రిసీవరునకు ఖర్చులీయవలెను. ఆ ఖర్చు లేకయే 69వ సెక్షను పుస్తకములో నిద్రించుచున్నది.

మఱియు 61వ సెక్షనును శాసనకర్తలొకమాఱు చదువవలెను. దివాలాదారు యాస్తిలోనుండి గుమాస్తాలకు, పనివారికి, కూలీలకు ముందుగా చెల్లింపవలసిన జీతపు బాకీకి అది విధించిన హద్దు, వారు నాలుగు నెలలు చేసిన పని కంతకును కలిపి, 20 రూపాయలు.